పదకొండో జోస్యం

ఒమన్‌లోని మబేలాలో ఈ మధ్య కట్టిన నాలుగు విల్లాల్లో, అజైబాలో ఒక ఫ్లాట్ల బిల్డింగులో, ఎక్కడో దూరాన రైసూత్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో, గోడల టైల్స్ వెనుక ఒక సినిమా కథ ముక్కలు ముక్కలుగా రాసి ఉంది. ఆ గోడల పక్కన స్నానం చేసేవాళ్లకు గానీ, అన్నం తినేవాళ్లకు గానీ ఈ సంగతి తెలియదు. రాసినవాడు ప్రభాకర్. దాని మీద గమ్ పూసి, టైల్ అంటించి, లోకానికి కనపడకుండా చేసినవాణ్ని నేను. మంచి పనే చేస్తున్నాననుకునేవాణ్ని.

మా పనిలో గోడ మీద రాయడం తప్పేమీ కాదు. టైల్ పెట్టేముందు కొలతలు, కోతలు, మట్టం గీతలు అన్నీ ఎర్ర పెన్సిల్‌తో గోడ మీదే వేసుకుంటాం. ఎలాగూ మూసేసేదే కదా. నేను ఇరవై రెండేళ్లుగా ఈ ఒమన్‌లో టైల్ మేస్త్రీగా ఉన్నాను, ఏనాడూ అంకెలు తప్ప మరోటి రాయలేదు. ప్రభాకర్ మాత్రం అంకెల పక్కన "జోస్యం 1", "జోస్యం 2" అని నంబర్లు వేసి మరీ రాసేవాడు. ముప్పై రెండేళ్ల మనిషి, పెళ్లయినవాడు, చేతిలో బంగారంలాంటి పని ఉన్నవాడు. బుర్ర నిండా మాత్రం నీలకవచం.

నీలకవచం అంటే సినిమా. నాకు సినిమాలు గిట్టవు. అయినా వీడి పుణ్యమా అని ఆ కథ నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఒక మామూలు వెల్డర్‌కు ముసలి గురువొకాయన నీలం రంగు ఉక్కు కవచం చేసి ఇస్తాడు. అది తొడుక్కుంటే వాడికి ఎక్కడలేని బలం. ఊళ్లను కాపాడుతూ తిరుగుతుంటాడు. మొదటి భాగం చివర్లో డ్యాం గేటు విరుగుతుంది. వాడు వీపు ఆనించి గేటును ఆపుతాడు. భార్య ఎదురుగా నిలబడి రమ్మని ఏడుస్తుంది. "నువ్వు పో, నేనొస్తా" అంటాడు. అక్కడ ఆపేసి మిగతాది రెండో భాగంలో చూసుకోమన్నారు. ఆ రెండో భాగం నాలుగేళ్లయినా రాలేదు.

"నాలుగేండ్ల సంది గట్లనే నిలబడ్డడా వాడు?" అని నేనోసారి అడిగాను. "తిండి లేదు, నీళ్లు లేవు. డ్యూటీ మార్చుకునేటోడు ఒక్కడు లేడా ఆ కంపెనీల?"

ప్రభాకర్ పడీ పడీ నవ్వాడు. అప్పుడు మేం అజైబా బిల్డింగులో వంటగది గోడలు చేస్తున్నాం. వాడు వెంటనే చెవి మీది పెన్సిల్ తీసి గోడ మీద రాశాడు: "లచ్చన్న జోస్యం: డ్యూటీ మార్చుకునేటోడు వస్తడు."

"నీది కూడ ఒకటి ఉండాలె అన్నా," అన్నాడు.

"ఉంటే ఉన్నది గని, ముందు గమ్ కలుపు," అన్నాను.

వాడికి ఆ సినిమా అంటే అంత పిచ్చి ఎందుకో రైసూత్‌లో పని చేసినప్పుడు చెప్పాడు. వాళ్లది మెట్‌పల్లి దగ్గర ఊరు. పెళ్లయిన పదో రోజు శ్రీలతను తీసుకుని మెట్‌పల్లిలో నీలకవచం చూడటానికి పోయాడట. అప్పటికింకా ఇద్దరికీ మాటల్లేవు. వీడు ఏమడిగినా ఆమె "ఊ" అనేదట. సినిమా అయిపోయి బస్సెక్కాక, ఆమె ఉన్నట్టుండి ఇటు తిరిగి "వాడు రాడు" అందట.

"ఎవరు?"

"గా గేటు కాడోడు. వస్తా అన్నడు గని రాడు. మొగోళ్లు గట్లనే అంటరు."

వీడు "వస్తడు" అన్నాడు. ఊరు వచ్చేదాకా బస్సులో ఇద్దరూ కొట్లాడుకున్నారు. కండక్టర్ వచ్చి మెల్లగా మాట్లాడుకోమని కసిరాడట.

"మా సంసారం గా లొల్లితోనే షురువైంది అన్నా," అన్నాడు ప్రభాకర్. "రెండోది వచ్చినప్పుడు ఇద్దరం కల్సే చూడాలె, ఒక్కరం చూడొద్దని ఒట్టు పెట్టుకున్నం. నెల తిరగక ముందే నేను ఈడికి వచ్చిన."

జోస్యాలు పుట్టింది అక్కణ్నుంచే. రోజూ సాయంత్రం ఫోన్లో వాడు ఏం జరుగుతుందో ఒకటి అంటాడు, ఆమె కాదంటుంది. వాదన బాగా ముదిరి, వీడికి ఇక తిరుగులేదనిపించిన మాట మర్నాడు గోడ మీదికి వస్తుంది. కవచం నీళ్లలో కరిగిపోతుందని ఒకటి. హీరో భార్యే ఇంకో కవచం తయారు చేసుకుంటుందని ఒకటి. డ్యాం కట్టించినవాడే దాన్ని పగలగొట్టాడని ఒకటి. నేను వెక్కిరించేవాణ్ని గానీ, నిజం చెప్పాలంటే కాస్త కుళ్లుగా కూడా ఉండేది. నేనూ నా భార్య రాములవ్వా ఫోన్లో మాట్లాడుకునేది బియ్యం గురించి, మోకాళ్ల నొప్పుల గురించి.

రెండేళ్ల కిందట సినిమా వస్తుందని నమ్మి ప్రభాకర్ లీవు పెట్టుకుని పోయాడు. వాడు ఊళ్లో దిగిన వారానికే సినిమా వాయిదా పడింది. రెండు నెలలుండి, చూడకుండానే తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు తేదీ చెప్పి మార్చారు.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని ఉంది గానీ, అది లేకుంటే ఈ కథ లేదు.

గోడ మలుపు తిరిగే చోట రెండు టైల్స్ అంచులు కలుస్తాయి. ఆ అంచులను ఏటవాలుగా కోసి, వెంట్రుక దూరనంతగా కలపాలి. ప్లాస్టిక్ పట్టీ పెట్టి కప్పేస్తే తేలికే, కానీ విల్లాలు కట్టించుకునేవాళ్లు ఒప్పుకోరు. ఆ మూలలు కోయడంలోనే నాకు కంపెనీలో పేరొచ్చింది. రెండేళ్ల కిందట నా కుడిచెయ్యి వణకడం మొదలైంది. టీ గ్లాసు పట్టుకుంటే కొంచెం, గ్రైండర్ పట్టుకుంటే ఎక్కువ. ఎవరికీ చెప్పలేదు. "ఇగ మూలలు నువ్వు నేర్చుకోవాలె, ఎన్ని రోజులు నా మీద ఆధారపడ్తవ్?" అని పెద్దమనిషి ఫోజు పెట్టి ప్రభాకర్‌కు అప్పజెప్పాను. వాడు నేర్చుకున్నాడు. నాకంటే బాగా కోస్తాడు. పేరు మాత్రం నాదే నడుస్తూ వచ్చింది.

ఈ మార్చిలో వాడికి మళ్లీ లీవు రావాలి. సరిగ్గా అప్పుడే మబేలాలో కొత్త విల్లా మొదలైంది. చిన్నాపెద్దా కలిపి ముప్పై ఆరు మూలలు. వాడు పోతే వాటిని నేను కోయాలి. నేను కోస్తే నా చెయ్యి బయటపడుతుంది. బయటపడితే ఇంటికి పంపేస్తారు. నేను ఇంజినీరు దగ్గరికి పోయి, "సార్, ప్రభాకర్ లేకుంటే విల్లా ఆగిపోతుంది, అయ్యేదాకా వాడి లీవు ఆపండి" అని చెప్పాను. హిందీలో, నవ్వుతూ చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంజినీరు లీవును అక్టోబరుకు జరిపాడు. "ఆఫీసోళ్లు ఆపిండ్రురా" అని ప్రభాకర్‌కు నేనే చెప్పాను, మొహం జాలిగా పెట్టి.

జూలైలో సినిమా తేదీ ఖాయమైంది. ఆగస్టు చివరి శుక్రవారం. ఈసారి వాయిదా లేదని కంపెనీలో తెలుగువాళ్లందరి ఫోన్లూ మోగాయి. ఆ సాయంత్రం రూమ్‌లో ప్రభాకర్ స్పీకర్ పెట్టి మాట్లాడుతుంటే నేను గ్యాస్ పొయ్యి దగ్గర కూరగాయలు తరుగుతున్నాను. శ్రీలత గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"మార్చిల వస్తా అన్నవు, రాలే. ఇప్పుడు అక్టోబర్ అంటున్నవు. గేటు నిన్ను పట్టుకున్నదా, నువ్వే గేటు పట్టుకున్నవా, నిజం చెప్పు."

"ఆఫీసోళ్లు ఇస్తలేరు శ్రీలతా."

"గా ఆఫీసోళ్లను నేనెప్పుడన్న చూసిన్నా? నాలుగేండ్ల సంది నీ నోట్ల ఇనుడే. ఈసారి నువ్వు రాకుంటే ఒట్టు తీసి గట్టు మీద పెడ్త. నేనొక్కదాన్నే పోయి సినిమా చూసొస్త. ఇగ నాకు ఫోన్ చెయ్యకు."

ప్రభాకర్ ఫోన్ పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఆగస్టు మూడో వారంలో విల్లా పైఅంతస్తులో పెద్ద బాత్రూమ్ మొదలుపెట్టాం. ఓ పొద్దున ప్రభాకర్ నాకంటే ముందు పైకి పోయి గోడకు మార్కింగ్ వేసి, టైల్ డబ్బాలు తేవడానికి కిందికి దిగాడు. నేను మట్టం పట్టుకుని లోపలికి వచ్చాను. గోడ మధ్యలో ఎర్రగా రాసి ఉంది:

"జోస్యం 11. ద్రోహి బయటోడు కాదు, గురువే. హీరో గేటు ఇడిచి ఇంటికి పోకుంట చేసింది గురువే. పగ లేదు. గురువు చెయ్యి వణుకుతది. శిష్యుడు పోతే తన సంగతి అందరికి తెలుస్తదని భయం."

మూడుసార్లు చదివాను. వాడికి తెలిసిపోయింది. ఎప్పటి నుంచి తెలుసో, ఎన్నాళ్లుగా మనసులో పెట్టుకుని నా పక్కన పని చేస్తున్నాడో! మొహం మీద అనలేక, నేను చదువుతానని తెలిసిన చోట రాశాడనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు నేను చేసింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. తాపీ నిండా గమ్ తీసి ఆ అక్షరాల మీద పూశాను. చేతికందిన టైల్ తీసి దాని మీద అద్దేశాను. మట్టం చూడలేదు, దారం చూడలేదు. ఏదైనా కనపడకూడదనుకుంటే నా చేతులకు తెలిసిన పని అదొక్కటే.

ప్రభాకర్ డబ్బాలు మోసుకొచ్చి కింద పెట్టి, "అన్నా, ఏందిది? టైల్ వంకర పోయింది" అన్నాడు. మెల్లగా ఊడదీశాడు. గమ్ కింద అక్షరాలు పోయాయి. టైల్ సరిగ్గా పెట్టి, రబ్బరు సుత్తితో తట్టి, "పదకొండోది చదివినవా? మస్తుంది గదా!" అని నవ్వాడు.

"చదవలే," అన్నాను.

"అయ్యో! రూమ్‌కు పోయినంక చెప్త తియ్."

వాడు నన్ను ఆడుకుంటున్నాడనుకున్నాను. రెండు రోజులు తిండి సయించలేదు. వాడు "చాయ్ తాగుదామా" అంటే అందులో ఏదో ఉందనిపించేది. "చెయ్యి అందుకో అన్నా" అంటే వెటకారమనుకునేవాణ్ని. మూడో రోజుకు నావల్ల కాలేదు.

వేసవిలో పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా మాకు పని ఆపుతారు. విల్లా హాల్లో నీడపట్టున అట్టముక్కలు పరుచుకుని నడుము వాలుస్తాం. ఆ రోజు మా ఇద్దరి చుట్టుపక్కల ఎవరూ లేరు.

"ప్రభాకర్, నువ్వు రాసింది నిజమే," అన్నాను.

"ఏది?"

"పదకొండోది. చదివిన. చదవలే అని అబద్ధమాడిన. నీ లీవు ఆఫీసోళ్లు ఆపలే. నేనే ఆపిచ్చిన. ఇంజినీర్ కాడికి నేనే పోయి చెప్పిన. ఈ చెయ్యి పనికిరాకుంట అయింది. నువ్వు పోతే అందరికి తెలుస్తదని భయమైంది. తిట్టాలంటే మొహం మీద తిట్టు, గోడల మీద రాయకు."

ప్రభాకర్ లేచి కూర్చున్నాడు. వాడి మొహం చూశాక నేనెంత మూర్ఖుణ్నో నాకర్థమైంది. వాడికి అసలేమీ తెలియదు.

"నేను సినిమా గురించి రాసిన అన్నా," అన్నాడు మెల్లగా. "ఫస్ట్ పార్ట్ల కవచం ఇచ్చేటప్పుడు గురువు చెయ్యి వణుకుతది. ఒక్క సెకండ్ చూపిస్తరు. ఎందుకు చూపెట్టిండ్రా అని రోజులకొద్ది ఆలోచన చేసి రాసిన. గంతే."

హాల్లో ఫ్యాన్ కూడా లేదు. నేను కింద పరిచిన అట్టముక్క అంచు చింపుతూ కూర్చున్నాను.

"మార్చిల నేను రానందుకు శ్రీలత వారం రోజులు మాట్లాడలే," అన్నాడు వాడు. "నేనే రావద్దనుకుంటున్న అనుకున్నది. ఇప్పటికి గదే అనుకుంటున్నది. నీకు చెప్పుకొని ఏడ్చిన అన్నా. నువ్వు నా భుజం మీద చెయ్యి ఏసినవు."

"అవును."

"గా చెయ్యే గదా?"

జవాబు కోసం ఆగకుండా లేచి బయటికి పోయాడు. ఆ తర్వాత పని దగ్గర కొలతలు తప్ప నాతో మరో మాట లేదు. "నలభై రెండున్నర" అనేవాడు. "అరవై" అనేవాడు. అన్నా అనే పిలుపు కూడా మానేశాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ని. ఇరవై రెండేళ్లలో నన్ను ఎందరో తిట్టారు, ఇంత బాధ ఎప్పుడూ కలగలేదు.

శుక్రవారం సెలవు రోజున రాములవ్వకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. చెయ్యి గురించి ఆమెకు కూడా అప్పుడే చెప్పడం.

"నాకెందుకు చెప్పలే?" అంది ఆమె.

"చెప్తే ఏం చేస్తవు?"

"ఏం చేస్త? వణికితే పట్టుకుంట. ముందు పోయి గా పిలగాన్ని ఇంటికి తోలు. ఆ పిల్ల ఎదురు చూస్తుంటది. నీ సంగతి తర్వాత మనం చూసుకుందాం."

ఆదివారం పొద్దున అజైబాలో ఉన్న మా కంపెనీ ఆఫీసుకు పోయాను. లీవు కాగితాలు చూసేది రియాజ్, హైదరాబాద్ మనిషి, మాతో తెలుగులోనే మాట్లాడతాడు. నేను చెప్పింది విని పెన్ను పక్కన పెట్టేశాడు.

"అరే లచ్చన్నా, దిమాగ్ ఖరాబైందా? నీ నోటితోని నువ్వే చెప్పుకుంటే నీ నౌకరీ పోతది. జర సోంచాయించు."

"సోంచాయించే వచ్చిన. ఇంజినీర్ సాబ్ లోపల ఉన్నడా?"

ఇంజినీరు విన్నాడు. చేతులు చాపమన్నాడు. చాపాను. అతను నా చేతుల వైపే చూశాడు గానీ మొహం చూడలేదు. ప్రభాకర్ లీవు కాగితం తెప్పించి సంతకం పెట్టాడు. "నువ్వు ఈ విల్లా ఖలాస్ చెయ్యి. తర్వాత నీ వీసా పొడిగించం" అని నాతో అన్నాడు. అందులో కోపం లేదు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. బాధ లేదంటే అబద్ధమే. రియాజ్ చాయ్ తెచ్చి ఇచ్చాడు. గ్లాసు వణికింది. మొదటిసారి దాన్ని దాచుకోలేదు.

మంగళవారం సాయంత్రం ప్రభాకర్ పెట్టె సర్దుకున్నాడు. నేను ఆఫీసుకు పోయిన సంగతి రియాజ్ వాడికి చెప్పాడని నాకు తెలుసు. వాడు దాని ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎయిర్‌పోర్టు వ్యాను వచ్చి హారన్ కొట్టాక, వాడు గుమ్మం దగ్గర ఆగి వెనక్కి వచ్చాడు.

"గ్రైండర్‌కు కొత్త బ్లేడ్ ఏసిన," అన్నాడు. "మూలలు మెల్లగ కొయ్యి. తొందర పడకన్నా."

ఎర్ర పెన్సిల్ తీసి నా చొక్కా జేబులో పెట్టి, పెట్టె పట్టుకుని పోయాడు. అన్నా అన్నాడు కదా అని నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

గల్ఫ్‌లో మన సినిమాలు గురువారమే వస్తాయి, ఇండియా కంటే ఒకరోజు ముందు. రియాజ్ నన్ను సైట్ నుంచి నేరుగా కార్లో ఎక్కించుకుని సాయంత్రం ఆటకు తీసుకుపోయాడు. "పద, నీ నౌకరీ తిన్న సినిమా ఎట్లున్నదో చూద్దాం" అన్నాడు. హాలంతా మనవాళ్లే. బట్టలకు సిమెంట్ మరకలు, చేతిలో పాప్‌కార్న్, గొంతు పగిలేలా ఈలలు.

సినిమా మొదలైంది. నేను గురువు కోసం కళ్లు చించుకుని చూస్తున్నాను. గోడ మీద ఆయన ఫొటో కనపడింది, దానికో దండ. రెండో భాగం మొదలయ్యేసరికే ఆయన చచ్చిపోయి ఉన్నాడు. ద్రోహం లేదు, వణుకు లేదు, ఒక ఊదుబత్తి వెలుగుతోంది. ఈ ఫొటోకు భయపడా నేను నా గుట్టంతా విప్పుకున్నది! నాకు నవ్వు ఆగలేదు. రియాజ్ వింతగా చూశాడు.

గేటు దృశ్యం వచ్చేసరికి నవ్వు పోయింది. వాడు ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. కవచం పగుళ్లిచ్చింది, నీళ్లు మెడదాకా వచ్చాయి. హాలు ఊపిరి బిగబట్టింది. అప్పుడు పక్కన ఇనుప నిచ్చెన మీద నుంచి ఒక ముసలాయన దిగాడు. మాసిన ఖాకీ చొక్కా, భుజాన ఇనుప హ్యాండిల్. ఆ డ్యాంకు లష్కర్, రోజూ గేట్లు ఎత్తేవాడు, దించేవాడు. కథలో ఆయనకు పేరు కూడా లేదు. "జరుగు నాయనా," అన్నాడు హీరోతో. "ఇది నా డ్యూటీ. నువ్వు ఇంటికి పో." హ్యాండిల్ తగిలించి, చక్రం తిప్పి, పక్కనున్న ఇంకో గేటును కిందికి దించాడు. వాడు వీపు తీసినా నీళ్లు ఆగాయి.

హాల్లో అందరూ నవ్వారు, ఈలలేశారు. నేను ఏడ్చాను. చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోలేదు.

బయటికొచ్చేసరికి ప్రభాకర్ ఫోన్ మోగుతోంది. ఎత్తగానే అరిచాడు: "చెప్పకు అన్నా! ఒక్క ముక్క చెప్పకు!" వెనక నుంచి శ్రీలత గొంతు: "చెప్పొద్దను, చెప్తే నేనూకోనని చెప్పు!"

"నేను పోనే లేదురా సినిమాకు," అన్నాను. వాడితో నేనాడిన అబద్ధాల్లో మంచిది అదొక్కటే.

మర్నాడు శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ ఫోన్ వచ్చింది. బస్సు చప్పుడు వినపడుతోంది.

"అన్నా, పదకొండుల ఒక్కటన్న నిజం కాలే," అన్నాడు ప్రభాకర్. గొంతులో బాధ ఏమాత్రం లేదు. "వచ్చిండు గదా, నేనే గెలిచిన అని నేనంటున్న. ఇంకొకడు పంపితే వచ్చిండు గని తనంత తాను రాలేదని శ్రీలత అంటున్నది. లొల్లి లొల్లి అయితుంది. కండక్టర్ మల్ల తిట్టిండు."

నేను నవ్వాను.

"నీదొక్కటే నిజమైంది అన్నా. అజైబాల రాసింది. యాదికున్నదా?"

"ఉన్నది."

"నిన్ననే చూసినవు గదా? నీ గొంతుల తెలిసింది నాకు."

ఇంతలో ఫోన్ చేతులు మారింది. నాలుగేళ్లుగా స్పీకర్లో వినడమే తప్ప ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"పెద్దన్నా, నేను శ్రీలతను. చెయ్యి ఎట్లున్నది ఇప్పుడు?"

వాడు ఆమెకు అంతా చెప్పాడన్నమాట. మార్చి సంగతి, ఇంజినీరు సంగతి, అన్నీ. తెలిసి కూడా ముందు చెయ్యి ఎలా ఉందని అడిగింది.

"మంచిగనే ఉన్నది బిడ్డా," అన్నాను. ఫోన్ పట్టుకున్న చెయ్యి చెవి దగ్గర వణుకుతూనే ఉంది.

శనివారానికి పెద్ద బాత్రూమ్‌లో చివరి గోడ, చివరి మూల మిగిలాయి. మెల్లగా కోశాను. రెండు టైల్స్ పాడయ్యాయి. మూడోది కుదిరింది, కానీ గోరు దూరేంత సందు ఉండిపోయింది. ఇంజినీరు వచ్చి వేలు పెట్టి చూస్తాడు. చూడనీ.

టైల్ పెట్టేముందు జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీశాను. ప్రభాకర్ రాసినవన్నీ జరగబోయేవి. నేను జరిగింది రాశాను: "ప్రభాకర్ ఇంటికాడ ఉన్నడు." అక్షరాలు వంకర టింకరగా వచ్చాయి. ఒకసారి చదువుకుని, దాని మీద గమ్ పూసి టైల్ పెట్టాను. ఈసారి మట్టం చూసుకున్నాను.